పదిహేడు నంబరు పానా

మా మారుతి 800 వయసు సంగతి ఇంట్లో ఎవరం ఎత్తం. ఆ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి, ఎంత ముద్దుగా చెప్పుకున్నా అది పసిది కాదు. బాన్సువాడ నుంచి బీర్కూరు దిక్కు, తిమ్మాపూర్ వెంకన్న గుడికి బయల్దేరితే చాలు, ప్రతి గుంతకీ ముందు చక్రం దగ్గర లొడలొడ. స్టెబిలైజర్ రాడ్డు బుష్షులు అరిగాయి, మార్చాలన్నాడు మెకానిక్. రెండు రబ్బరు ముక్కలు, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు, నాలుగు బోల్టులు. దీనికి ఇంకొకరికి కూలీ ఇవ్వడమా, యూట్యూబ్ ఉండగా!

"మీకెందుకండీ?" అంది మా ఆవిడ. పెళ్లయిన నాటి నుంచీ ఆ మాటను నేను ప్రోత్సాహంగానే తీసుకుంటున్నాను.

తుప్పు పట్టిన పాత బోల్టు ఒకటి నా ధాటికి తల గుండ్రం చేసుకుని మరీ ఊడింది. కొత్తది కావాలి. నిజాంసాగర్ నీళ్ల కింద వరి పండే ఊరు మాది. ట్రాక్టర్లకూ కోత మిషన్లకూ మా బజార్లో నట్టుబోల్టులకు కరువు లేదు. పది మిల్లీమీటర్లది అడిగి తెచ్చుకున్నాను. లావు అదే, పొడుగు అదే. పాతదానికి పద్నాలుగు నంబరు పానా పట్టేది, దీనికి పదిహేడు. తల పెద్దదైతే బలమూ పెద్దదే అనుకుని, అదే ధరకు ఎక్కువ ఇనుము వచ్చినందుకు లోలోపల మురిశాను.

ఇక్కడొక విషయం చెప్పక తప్పదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఏటా స్క్రూగేజీ ప్రాక్టికల్‌లో "పిచ్ అంటే ఏమిటి?" అని పిల్లల్ని నిలబెట్టి అడిగేది, చెప్పకపోతే మార్కు కోసేది నేనే. ఒక పూర్తి చుట్టు తిరిగితే మర ఎంత ముందుకు జరుగుతుందో అదే పిచ్. మరి నా చేతిలో ఉన్న బోల్టుకు కూడా అలాంటిదొకటి ఉంటుందని మాత్రం తట్టలేదు. జపాన్ లెక్కన కట్టిన బండ్లలో పది మిల్లీమీటర్ల బోల్టు పిచ్ 1.25. బజార్లో మామూలుగా దొరికేది 1.5. ఐదు చుట్లకు ఒకటి ఆరుంపావు మిల్లీమీటర్లు లోపలికి పోతే, రెండోది ఏడున్నర పోవాలంటుంది. లోపలున్న మరలు ఒప్పుకోవు కదా.

మొదట నున్నగానే తిరిగింది. తర్వాత మొరాయించింది. "చేత్తోని తిరగని మరకు పానా పెట్టద్దు అనేటోడు మా నాయిన," అంది పక్కన టార్చి పట్టుకున్న ఆవిడ. మా మామగారు కాలువ మీద లస్కరు. మరకడ్డీ తిప్పి తూము షట్టర్లు లేపుతూ దించుతూ సర్వీసంతా గడిపారు. ఆయనకు డిగ్రీ లేదు కాబట్టి ఆ మాట పట్టించుకోలేదు. పానాకు బోరింగు పైపు ముక్క తొడిగాను. బలభ్రామకం, పానా పొడుగు పెరిగితే అదీ పెరుగుతుంది. ఆ పాఠం మాత్రం ఆ క్షణాన బ్రహ్మాండంగా గుర్తొచ్చింది. కీచుమంది, కిర్రుమంది, ఆ తర్వాత వెన్నలా తిరిగింది. "చూశావా, దారికొచ్చింది!" అన్నాను.

మర్నాడు లొడలొడ కాస్తా దడదడ అయింది.

లేత్ మిస్త్రీ బండి కింద దూరి, పడుకునే అడిగాడు: "గిది ఏ మొనగాడు బిగించిండు సార్?"

"రోడ్డు మీద... ఎవరో మెకానిక్..."

"ఈయననే," అంది మా ఆవిడ.

ఆ రాడ్డు చప్పుడు ఆపడానికి మాత్రమే కాదట. బ్రేకు కొట్టినప్పుడు చక్రాన్ని ముందుకూ వెనక్కూ పోనివ్వకుండా పట్టేదీ అదేనట. అది విన్నాక మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. నట్టు ఛాసిస్ లోపల వెల్డింగై ఉంది, చెయ్యి దూరదు. పన్నెండు మిల్లీమీటర్లకు పెంచితే బ్రాకెట్టు బెజ్జం కూడా పెంచాలి, అది మిస్త్రీకి నచ్చలేదు. చివరికి స్టీలు తీగచుట్ట ఒకటి ఆర్టీసీ కార్గోలో తెప్పించాడు. పాడైన మరల్ని డ్రిల్లుతో తీసేసి, ట్యాపుకు గ్రీజు పూసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు, పొట్టు తెంపుకుంటూ కొత్త మర కోశాడు. అందులోకి ఆ చుట్టను తిప్పి కూర్చోబెట్టాడు. బయటివైపు కొత్త మరలో ఇమిడింది, లోపలివైపు మళ్లీ పాత పది, 1.25 తయారు. ఎక్కడా తొందరపడలేదు. నాకు చూడ్డానికి ముచ్చటేసింది, చెప్పడానికి మొహం చెల్లలేదు.

తలమీద 8.8 అని అచ్చేసిన సరైన బోల్టు నాకందించబోయి, ఏమనుకున్నాడో, మా ఆవిడకిచ్చాడు. ఆమె దాన్ని ముందు ఉల్టా తిప్పింది. టక్కుమని కూర్చున్నాక సీదా తిప్పింది. వేళ్లతోనే సగం దాకా పోయింది.

"ఊరగాయ సీసా మూత గట్లనే పెడ్తం గదా," అంది.

"సార్ ఏం పని చేస్తరమ్మా?"

"కాలేజీల ఫిజిక్స్ చెప్తరు." ఏ కాలేజీయో కూడా చెప్పింది, అడక్కుండానే.

మిస్త్రీ ట్యాపు తుడుస్తూ కాసేపు నా దిక్కు చూశాడు.

"మా పోరడు గాడనే ఫస్టియర్ చదువుతుండు," అన్నాడు. "గ్రూపు మార్చుకునేటందుకు ఇంక టైమున్నదా సార్?"