ఒక్క యాత్రా వృథా పోనివ్వకండి

సికింద్రాబాదులో కాన్వెంటు సీటు కోసం తెల్లవారకముందే గేటు దగ్గర చేరే తల్లిదండ్రులకు కులమత భేదాల్లేవు. కొందరు ఎమ్మెల్యేగారి ఉత్తరం తెస్తారు. కొందరు ఫాదర్‌గారి వంటమనిషికి తాము దూరపు చుట్టమని అక్కడికక్కడే కనిపెడతారు. అలాంటి ఊళ్లో ఉంటూ, పిల్లల జ్ఞానస్నానం సర్టిఫికెట్లు బీరువాలో భద్రంగా పెట్టుకుని కూడా, "మాకు స్కూలొద్దు, ఇంట్లోనే చెప్పుకుంటాం" అన్న క్యాథలిక్ దంపతులను చుట్టాలు ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు. ఆ దంపతులు మీరే అయితే, పెళ్లిలో భోజనాల దగ్గర మీ పిల్లవాణ్ని ఎవరో ఒక మేనత్త పదిహేడో ఎక్కం అడిగి తీరుతుంది. కాబట్టి మీ ఇంట్లో విహారయాత్ర అంటే సరదా అనుకోవడం ప్రమాదం. అది రుజువు. బయట అడుగుపెట్టిన ప్రతిసారీ పిల్లలు ఏదో ఒకటి నేర్చుకుని, దాన్ని పెద్దల ముందు గడగడా అప్పజెప్పగలిగి ఉండాలి.

తల్లిదండ్రులే పిల్లలకు మొదటి గురువులని రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. "మొదటి గురువులంది గానీ, నోరు మూయని గురువులని అనలేదుగా" అని మీ ఆవిడ అనొచ్చు. వినిపించుకోకండి.

బడి లేని పిల్లలకున్న పెద్ద సుఖం, పనిదినాల్లో తిరగగలగడం. అందరూ క్లాసుల్లో ఉన్నప్పుడు మీరు ఖాళీ హాళ్లలో హాయిగా చూసుకోవచ్చు. ఈ సుఖం పిల్లలకు అలవాటు కానివ్వకూడదు. అందుకని సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం బయల్దేరండి. ఆ రోజుల్లో అవి మూసి ఉంటాయి. శుక్రవారం మనకు ఎలాగూ తపస్సు చేసుకునే రోజు. మూసీ పక్కన ఎండలో, తాళం వేసిన గేటు ముందు నిలబెట్టి పరిత్యాగం మీద అరగంట మాట్లాడితే ఏ పుస్తకం చెప్పనంత బాగా ఎక్కుతుంది. తపస్కాలపు శుక్రవారమైతే తిరుగు ప్రయాణం ప్యారడైజ్ సెంటర్ మీదుగా పెట్టుకోండి. సిగ్నల్ దగ్గర ఆటో అద్దాలు దించడానికి ఉండవు గనక బిర్యానీ వాసన దానంతటదే వస్తుంది. ఇంట్లో పప్పుచారు సిద్ధంగా ఉందని అప్పుడే గుర్తుచేయండి.

ఖర్మకాలి మ్యూజియం తెరిచి ఉన్న రోజునే వెళ్లారనుకోండి, కంగారు పడొద్దు. నేరుగా ముసుగు రెబెకా దగ్గరికి నడవండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. ముసుగూ రాయే, ముఖమూ రాయే, అయినా ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది. ఎంత అల్లరి పిల్లలైనా అక్కడ నోరు తెరుచుకుని ఆగిపోతారు. ఆ నోళ్లు మూతపడేలోగా ఆదికాండం ఇరవై నాలుగో అధ్యాయం అందుకోండి. అబ్రహాము సేవకుడు, పది ఒంటెలు, ఊరి బావి, భుజం మీద కడవ. ప్రయాణం చేసి వచ్చిన ఒక ఒంటె ఎన్ని నీళ్లు తాగుతుంది, పది ఒంటెలకు రెబెకా ఎన్ని కడవలు తోడి ఉంటుంది, లెక్క వేయించండి. జవాబు వచ్చేసరికి ఒక్కరు కూడా బొమ్మ వైపు చూడరు. పాఠం మీద మనసు నిలిచిందని అర్థం.

ఇక అదే మ్యూజియంలోని గడియారం. గంట కొట్టే వేళకు దాని ముందు బెంచీలన్నీ నిండిపోతాయి. ఒక బుల్లి గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి, గంట కొట్టి, మళ్లీ లోపలికి పోతాడు. అంతే. ఆ అంతకే ముసలివాళ్లు కూడా మెడలు సాచి చూస్తారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకైతే పన్నెండు దెబ్బలు. సరిగ్గా ఆ పన్నెండుకే మనకు త్రికాల జపం వేళ. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. బుల్లి తలుపు కదిలిందో లేదో, పిల్లల చేత కళ్లు మూయించి జపం మొదలుపెట్టండి. చుట్టూ "అదుగో, వచ్చిండు వచ్చిండు" అని జనం పిల్లల్ని భుజాలకెత్తుకుంటుంటే, మీ ముగ్గురు పిల్లలూ తలలు వంచుకుని నిలబడిన దృశ్యం చూడముచ్చటగా ఉంటుంది. రెండో అమ్మాయి వేళ్ల సందుల్లోంచి చూస్తుంది. ఎన్నో దెబ్బ దగ్గర కళ్లు తెరిచిందో గుర్తుపెట్టుకుని రాత్రికి అడగండి.

దగ్గర్లోనే తిరగాలంటే బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన చూసింది సికింద్రాబాదులోనే. దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకున్నాడు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పిల్లలకు నోబెల్ బహుమతి వచ్చిన రాస్ కంటే అణాలు పుచ్చుకున్న హుసేన్ ఖానే నచ్చుతాడు. "మనల్ని రోజూ ఊరికే కుడుతున్నాయి కదా నాన్నా" అని నిష్టూరంగా కూడా అంటారు. వెంటనే రూపాయికి పదహారణాలు అనే పాఠంలోకి దారి మళ్లించండి.

సొంత గుడిని మాత్రం వదిలేస్తారా? ఎస్‌డీ రోడ్డులోని సెయింట్ మేరీస్ అంటే పిల్లల దృష్టిలో క్రిస్మస్ పశువుల పాక, పూజ అయ్యాక మెట్ల మీద పరుగులు. అది చాలదు. గుడి పూర్తయిన 1850, బసిలికా అయిన 2008, కట్టించిన ఐర్లండ్ గురువు డేనియల్ మర్ఫీ, ఆయన ఆ తర్వాత ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మానియాలో హోబార్ట్ పీఠానికి వెళ్లడం, ఇవన్నీ పూజకు ముందే అడిగేయండి. పూజ జరుగుతున్నంతసేపూ వాళ్లు టాస్మానియా ఎక్కడుందని ఆలోచిస్తూ కదలకుండా కూర్చుంటారు.

మెదక్ చర్చికి తీసుకెళ్లమని అడుగుతారు. అందరి పిల్లలూ చూసి వచ్చినదే. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయిన ఆ గుడి అద్దాల్లోంచి ఎండ పడితే కిందంతా రంగులే. కానీ అది సీఎస్‌ఐ వాళ్లది. కాబట్టి గుమ్మంలోనే ఆపి, 1517లో జర్మనీలో ఏం జరిగిందో మొదలుపెట్టి వివరంగా చెప్పండి. "ఇక్కడ మోకాలు వంచాలా వద్దా?" అని మీ అబ్బాయి అడుగుతాడు. చాలా మంచి ప్రశ్న. జవాబు చెప్పేలోపు ఎండ అటు తిరిగిపోతుంది.

సిటీ బస్సు ప్రయాణాన్ని తక్కువగా చూడకండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఛార్జీ లేదు గనక, అమ్మకూ ఆడపిల్లలకూ జీరో టికెట్, నాన్నకూ కొడుక్కూ డబ్బులు. "ఇదేం న్యాయం?" అని కొడుకు, "మీరు నడిచి రండి" అని కూతురు. పౌరశాస్త్రం పుస్తకం తెరవకుండానే చర్చ నడుస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఆ చర్చను ఆపి, పుస్తకం తెరవడం.

పక్క సీటు అవ్వతోనే అసలు చిక్కు.

"ఏ ఇస్కూల్ బిడ్డా నీది?"

"ఇస్కూల్ లేదవ్వా. ఇంట్లనే సదువుకుంటం."

"అయ్యో! పైసల్ లేవా?"

అంటూనే ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఓ జామకాయ తీసి పిల్ల చేతిలో పెడుతుంది. పిల్ల దాన్ని కొరికేలోపు మీరు రంగంలోకి దిగాలి. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం అంటే ఏమిటి, పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి పరీక్ష ఎలా రాయొచ్చు, ఆ సర్టిఫికెట్ కాలేజీలో ఎలా చెల్లుతుంది, అన్నీ ఆమెకు విడమరచి చెప్పండి. స్టాపు దాటిపోయినా ఆపొద్దు. ఆమె దిగేటప్పుడు పిల్ల తల నిమిరి, మీ వైపు జాలిగా చూసి, ఇంకో జామకాయ ఇచ్చి పోతుంది.

వీటన్నిటికీ శిఖరం గుణదల. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలో మేరీమాత తిరునాళ్లు. సికింద్రాబాదు స్టేషన్‌లో రైలెక్కి మౌలాలి దాటకముందే జపమాల తీయించండి. స్టేషనుకో పది జపాలు అనుకుంటే ఎక్స్‌ప్రెస్ ఆగే స్టేషన్లు చాలవు, ఆగనివీ కలుపుకోండి. భువనగిరి గుట్ట కిటికీలో కనిపించే సమయానికి పిల్లలు ఎన్నో పూసలో ఉన్నారో మర్చిపోతారు. మొదటి నుంచి మొదలుపెట్టించండి. కాజీపేటలో ఫాతిమానగర్ వైపు చెయ్యి చూపించి, అక్కడి పీఠం గుడి ఫాతిమా మాతది గనక, 1917లో పోర్చుగల్‌లో గొర్రెలు మేపుకుంటున్న ముగ్గురు పిల్లలకు మాత కనిపించిన కథ చెప్పండి. గుణదల చేరాక లూర్దు కథ. 1858 ఫిబ్రవరి 11న పద్నాలుగేళ్ల బెర్నదెత్ కట్టెలేరుకోవడానికి వెళ్లి, వాగు దాటడానికి మేజోళ్లు విప్పుకుంటుండగా గుహలో ఆమెకు మాత దర్శనమైంది. అప్పటికి ఆ పిల్లకు చదవడం సరిగా రాదు.

ఈ రెండు కథలూ పక్కపక్కన చెబితే మీ పెద్దమ్మాయి ఒకటి పసిగడుతుంది. "నాన్నా, మరియమ్మ ఎప్పుడూ పెద్దవాళ్లు వెంట లేని పిల్లలకే కనిపిస్తుందేం?" ఆ తల్లిదండ్రులు అజాగ్రత్త మనుషులని, పిల్లల వెంట పుస్తకం కూడా పంపలేదని చెప్పి, ఇంకో ప్రశ్నకు వెళ్లిపోండి.

నానమ్మను మాత్రం గుణదలకు తీసుకెళ్లకండి. మీ పాఠ్యప్రణాళికకు ఆమెను మించిన శత్రువు లేదు. గుణదలలో మాత స్వరూపం నిలిపింది ఫాదర్ అర్లాటి అని ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. కొండెక్కుతూ ఎవరి కాన్పు కష్టమైతే ఎవరు ఏం మొక్కుకున్నారో, ఏ మనవడికి ఇక్కడ తలనీలాలు తీయించారో, ఆ క్షురకుడి చెయ్యి వణికి ఎక్కడ గాటు పడిందో చెబుతుంది. పిల్లలు ఆమె చీర కొంగు పట్టుకుని మీకు పది మెట్లు వెనకపడతారు. ఇంటికొచ్చాక అర్లాటి పేరు అడిగితే నీళ్లు నమిలే పిల్లలు, ఆ గాటు ఏ చెవి పక్కనో ఠక్కున చెబుతారు.

తీసుకెళ్లక తప్పలేదనుకోండి, పిల్ల తప్పిపోవడం ఖాయం. కొవ్వొత్తుల వరుసకూ గాజుల అంగడికీ మధ్య ఎక్కడో, చిన్నది నానమ్మ దగ్గరుందని మీరు, మీ దగ్గరుందని నానమ్మ. అప్పుడు కంగారు పడకుండా దీన్నీ పాఠంగా మలుచుకోవాలి. మరియమ్మ, జోజప్పగారు అంతటివాళ్లే యెరూషలేము పండుగ నుంచి తిరిగి వస్తూ, బాలయేసు చుట్టాల గుంపులో ఉన్నాడనుకుని ఒక రోజంతా నడిచారు. మూడో రోజుకు గానీ దొరకలేదు. అది సంతోష రహస్యాల్లో ఐదోది. ఇంట్లోనే పెరిగిన ఆ పన్నెండేళ్ల పిల్లవాడు చివరికి బోధకుల మధ్య కూర్చుని దొరికాడన్న ముక్క మాత్రం చుట్టాల ముందు ఎత్తకండి, "చూశావా, ఆయనకూ బడే కావాల్సొచ్చింది" అంటారు. మైకులో మీ పిల్ల పేరు వినిపించేలోగా పెద్దవాళ్ల చేత ఆ రహస్యం ధ్యానం చేయించండి. మీ ఆవిడ ఆ సమయంలో మీతో మాట్లాడకపోవచ్చు. చిన్నది దొరికాక చూస్తే ఒక చేతిలో జీళ్ల పొట్లం, ఇంకో చేతిలో ఊదే బూర. ఎవరు కొనిపెట్టారంటే చెప్పదు. యాత్ర మొత్తానికి ఏది బాగుందని అడిగితే తప్పిపోవడమని అంటుంది. రిపోర్టులో అది రాయనివ్వకండి.

రిపోర్టు తప్పనిసరి. తిరుగు రైల్లోనే రాయించాలి, ఇంటికి చేరితే నిద్రపోతారు. మార్జిన్, శీర్షిక, తేదీ, నేర్చుకున్నవి కనీసం పది. పిల్లలు పైబెర్తు మీద కూర్చుని బూర ఒకరి నోట్లోంచి ఒకరు లాక్కుంటూ, పక్క కంపార్ట్‌మెంట్ వాళ్లు కూడా తొంగిచూసేలా నవ్వుకుంటున్నారంటే, వెంటనే నోటుపుస్తకాలు అందించండి. నవ్వు రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

వచ్చిన శనివారం అందరినీ పాపసంకీర్తనానికి తీసుకెళ్లండి. వరుసలో మీరు పిల్లల వెనక నిలబడితే, ఎవరు లోపల ఎంతసేపున్నారో గడియారం చూసుకోవచ్చు. మీ వంతు వచ్చినప్పుడు మాత్రం వాళ్ల చేతిలో డబ్బులు పెట్టి, గేటు బయట ఐస్‌క్రీం బండి దగ్గరికి పంపేయండి. మీకెంతసేపు పట్టిందో వాళ్లు లెక్కపెట్టకూడదు.