ఐసు బస్తా దిగిన రోజులు

మా రోజుల్లో నైట్రేషన్ ప్రాక్టికల్ ఉందంటే ల్యాబ్‌లో పొద్దున్నే ఐసు బస్తా దిగేది. రంపపు పొట్టు దులిపి, గడ్డలు చితక్కొట్టి, ఉప్పు చల్లి, అందులో బీకరు దించాకే నైట్రిక్ యాసిడ్ సీసా మూత తీయనిచ్చేవారు మా మేష్టారు. ఇప్పటి పిల్లలకు ఆ పని వీడియోలో చూపిస్తున్నారు. చూసి రికార్డు రాసేస్తున్నారు. మెల్టింగ్ పాయింట్ దగ్గర అందరిదీ 216 డిగ్రీలే. అసలు ఆ పదార్థం చేసిందెవరు, కరిగించి చూసిందెవరు?

ఎసిటనిలైడ్ నైట్రేషన్ చేయకుండా మా కాలంలో కెమిస్ట్రీ పాసైనవాణ్ణి నేను చూడలేదు. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్‌లో కలిపి, సల్ఫ్యూరిక్ పోసి, బాగా చల్లారాక నైట్రిక్, సల్ఫ్యూరిక్ కలిపిన మిశ్రమాన్ని చుక్కచుక్కగా వదలాలి. థర్మామీటరు 10 దాటకూడదు. తొందరపడి నాలుగు చుక్కలు ఎక్కువ వదిలామా, పాదరసం కళ్ళముందే పైకి పాకేది, చెయ్యి దానంతటదే ఆగేది. సల్ఫ్యూరిక్ వల్ల నైట్రిక్ నుంచి నైట్రోనియం అయాన్ పుడుతుందనీ, అది వలయం మీదికి ఎక్కేటప్పుడు వేడి వస్తుందనీ పుస్తకంలో అందరూ చదువుతారు. ఆ వేడి ఎంత త్వరగా వస్తుందో థర్మామీటరు పట్టుకున్నవాడికే తెలుస్తుంది. అజాగ్రత్తగా వేడెక్కనిస్తే ఒక నైట్రో గ్రూపుతో ఆగదు, రెండోది కూడా ఎక్కుతుంది.

చివర్లో చితక్కొట్టిన ఐసు మీద పోస్తే లేత పసుపు ముద్ద దిగేది. బుక్నర్ మీద వడగట్టి, యాసిడ్ పోయేదాకా చన్నీళ్ళతో కడిగి, ఆల్కహాల్‌లో రీక్రిస్టలైజ్ చేస్తే పారా స్ఫటికాలుగా బయటపడేది, ఆర్థో ఆల్కహాల్‌లోనే ఉండిపోయేది. శుద్ధమైన పారా 216 దగ్గర కరుగుతుంది, ఆర్థో 94 దగ్గర. మనది 200 దగ్గరే జావకారడం మొదలుపెడితే మళ్ళీ ఆల్కహాల్, మళ్ళీ ఫిల్టర్ పేపర్.

అనిలీన్‌నే నేరుగా నైట్రేట్ చేయొచ్చుగా, మధ్యలో ఈ ఎసిటైల్ గ్రూపు ఎందుకని వైవాలో తప్పకుండా అడిగేవారు. యాసిడ్‌లో అమైనో గ్రూపు ప్రోటాన్ పట్టుకుని అనిలీనియం అయిపోతుంది, సగానికి దగ్గరగా మెటా వస్తుంది, పైగా ఆక్సిడైజ్ అయి తారు మిగులుతుంది అని చెప్పాలి. నేను ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళినచోట అదే అడిగితే, "ఇది సిలబస్‌లో లేదండీ" అన్నారు.

ఇక టీఎల్‌సీ. ప్లేట్లు మేమే పూసుకునేవాళ్ళం. సిలికా జెల్ జీలో జిప్సం కలిసి ఉంటుంది, నీళ్ళు తగిలిన కాసేపటికే గట్టిపడుతుంది. అందుకని దోసెల పిండి జారుడుగా, ఉండ కట్టకుండా కలిపి, గబగబా గాజుపలకల మీద పరిచేయాలి. ఆరాక ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర అరగంటైనా ఉంచాలి. తర్వాత క్యాపిలరీని మంట మీద సన్నగా సాగదీసి, పెన్సిల్ గీత మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల చుక్క పెట్టాలి.

ఆర్థో నైట్రోఅనిలీన్, పారా నైట్రోఅనిలీన్ పక్కపక్కన పెడితే ఏ దీపమూ అక్కర్లేదు, రెండూ పసుపే. ఆర్థో పైకి పోయేది, పారా కిందే ఉండేది. ఆర్థోలో అమైనో, నైట్రో పక్కపక్కన ఉండి లోపల్లోపలే హైడ్రోజన్ బంధం వేసుకుంటాయి, సిలికాను పట్టుకోవడం తగ్గుతుంది. పారాకు ఆ వీలు లేదు గనక సిలికానే అంటిపెట్టుకుంటుంది. అణువులో ఏ గ్రూపు ఎక్కడుందో కంటికి ఇంత తేటగా చూపించే ప్రయోగం నాకు ఇంకోటి తెలియదు. రంగులేని వాటికి అయోడిన్ జాడీ ఉండేది. బయటికి తీయగానే గోధుమరంగు చుక్కల చుట్టూ పెన్సిల్ తిప్పాలి, ఆలస్యమైతే అయోడిన్ ఎగిరిపోయి చుక్కలు మాయమవుతాయి.

ఇప్పుడు అల్యూమినియం రేకు మీద పూసిన ప్లేట్లు డబ్బాల్లో వస్తున్నాయి. కత్తిరించి, నడిపి, 254 నానోమీటర్ల యూవీ దీపం కింద పెడితే పచ్చటి వెలుగులో నల్లచుక్క కనిపిస్తుంది. మంచి వస్తువే, కాదనను. బెంజీన్‌ను సాల్వెంట్‌గా వాడటం మానేశారు, అది ఇంకా మంచిపని. నా బాధల్లా చేతిపని గురించే. ఒక అమ్మాయి బేస్‌లైన్‌ను బాల్‌పెన్‌తో గీసింది, సిరా రంగురంగుల చారలుగా పైకెక్కి శాంపిల్‌తో కలిసిపోయింది. ఇంకో అబ్బాయి చుక్కను సాల్వెంట్ మట్టానికి కిందే పెట్టాడు, అది కాస్తా సాల్వెంట్‌లో కరిగిపోయింది. జాడీకి మూత వేయరు, సాల్వెంట్ ఎంతదాకా ఎక్కిందో గుర్తు పెట్టరు, ఆర్ఎఫ్ మాత్రం రాసేస్తారు. వాళ్ళననీ ఏం లాభం? గుంపుకో ప్లేటు ఇచ్చి చుట్టూ నిలబెడితే చెయ్యి ఎప్పుడు తిరగాలి?

ఈ పిల్లలే రేపు జీడిమెట్లలోనో పరవాడలోనో షిఫ్ట్ కెమిస్టులవుతారు. పారాసెటమాల్ చేసే ఒక పాత దారి క్లోరోబెంజీన్ నైట్రేషన్‌తోనే మొదలవుతుంది. వచ్చినదాంట్లో సుమారు మూడింట రెండొంతులు పారా, మిగతాది దాదాపుగా ఆర్థో. ఆ రెంటినీ విడదీసి, పారాను నైట్రోఫినాల్‌గా, అమైనోఫినాల్‌గా మార్చుకుంటూ పోతారు. బీకరులో నాలుగు చుక్కలకే పాదరసం లేచే ఈ చర్య వేల లీటర్ల రియాక్టర్‌లో జరిగితే? స్టిరర్ ఆగిందని గమనించకుండా యాసిడ్ వదులుతూ పోతే అది విడిగా పేరుకుంటుంది. మళ్ళీ స్టిరర్ వేయగానే అదంతా ఒక్కసారి పనిచేస్తుంది, ఆ వేడిని జాకెట్‌లోని చల్లనీళ్ళు లాగలేవు. ఆ క్షణంలో ఏం చేయాలో వీడియో చూసినవాడికి ఎలా తోస్తుంది?

డబ్బు లేదంటే నేను ఒప్పుకోను. ఎసిటనిలైడ్ కొన్ని గ్రాములు, యాసిడ్ కొన్ని మిల్లీలీటర్లు, ఊళ్ళో దొరికే ఐసు, కడిగి మళ్ళీ వాడుకునే గాజుపలకలు, వీటికి ఎంతవుతుంది? పక్కన నిలబడే మేష్టారు ఒకరు, పూటంతా తెరిచి ఉండే ల్యాబ్ ఒకటి ఉండాలి. ఈ ప్రాక్టికల్ ప్రతి విద్యార్థి చేతా విడివిడిగా చేయించండి. రికార్డుతోపాటు, తను చేసిన పదార్థాన్ని చిన్న పొట్లంలో కట్టి, ఎన్ని గ్రాములు వచ్చిందో మీద రాసి ఇవ్వమనండి. పొట్లం లేనిదే సంతకం పెట్టకండి.