కరెంటు పెట్టెను నేను

గుంటూరులో ఒక ఫిజియోథెరపీ గదిలో ఉంటాను. మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకామె ఈమధ్య నా దగ్గరికి వస్తోంది. పక్షవాతంతో కుడి పాదం వాలిపోయింది. అడుగు తీస్తే వేళ్లు నేలకు రాసుకుంటాయి, చెప్పు జారి వెనకే ఉండిపోతుంది.

మొదటిరోజు షాక్ కొడుతుందేమోనని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నేను పంపేది సెకనుకు 35 తరంగాలు, ఒక్కొక్కటి 300 మైక్రోసెకన్లే. మోకాలి కింద బయటివైపు ఎముక బుడిపెను చుట్టుకుని ఒక నరం చర్మానికి దగ్గరగా వెళ్తుంది. అక్కడొక ప్యాడ్, ముందువైపు కండరం మీద ఇంకొకటి అంటించారు. ముందు చీమలు పాకినట్టు జివ్వుమంది. తర్వాత పాదం పైకి లేచింది. ఆమె దాన్నే తేరిపార చూసింది.

ఆ నరం చెడలేదు. మెదడులో రక్తం గడ్డకట్టి, అక్కడి నుంచి ఆజ్ఞ రావడం ఆగింది. ఆ ఆజ్ఞ నేనిస్తాను. 1961లో అమెరికాలో లిబర్‌సన్ అనే వైద్యుడు మడమ కింద స్విచ్ పెట్టి నడకలోనే ఈ పని చేయించాడు: మడమ లేస్తే కరెంటు, నేలకు ఆనితే బంద్. నా వంశం అక్కడిదే.

పోలియోతో వెన్నుపాములోని నరకణాలే పోయిన చోట నా చిన్న తరంగానికి అందే నరం ఉండదు. ఆశపడి వచ్చినవాళ్లు తిరిగి వెళ్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల దగ్గర నాకు భయం. చర్మం కాలినా వాళ్లకు తెలియదు. దెబ్బ ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గర గానీ ఆ పైన గానీ ఉంటే రక్తపోటు ఉన్నట్టుండి పెరిగిపోవచ్చు.

“ఇంకాస్త పెంచండి సారూ, తొందరగా తగ్గుద్ది” అంటాడు ఆమె కొడుకు. శరీరమైతే త్వరగా అలసిపోని సన్నటి పోగులను ముందు పిలుస్తుంది. నాకు ఆ ఎంపిక తెలియదు, తొందరగా అలసిపోయే పెద్దవాటినీ కలిపి లాగేస్తాను. అందుకే కొన్ని సెకన్లు పని, అంతకంటే ఎక్కువసేపు విశ్రాంతి.

ప్యాడ్లు అంటించాక రోగి గోడకేసి చూస్తూ పడుకుంటే నా పని చాలావరకు వృథా. ఇక్కడి ఫిజియో అలా వదలడు. “అమ్మా, కరెంటు వచ్చినప్పుడే మీరూ లేపాలి. పాదాన్నే చూడండి” అంటాడు. ఆమె పళ్లు బిగించి లేపబోతుంది. ఆ ప్రయత్నం నాతో కలిసినప్పుడే మెదడుకు మళ్లీ దారి దొరికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత నన్ను ఆపేసి, ఆమెను కడ్డీల మధ్య నడిపిస్తారు. కొడుకు పక్కనే నడుస్తూ “వేళ్లు పైకెత్తమ్మా” అంటుంటాడు. ఇంటి దగ్గర కూడా రోజూ అలాగే నడిపించమని ఫిజియో అతనికి అప్పగించాడు.