అండమాన్‌కు సకుటుంబంగా: మాదన్నపేట వారికి మహత్తరమైన సలహాలు

హైదరాబాద్ మాదన్నపేట నుంచి అండమాన్ వెళ్లడం పెద్ద పనేం కాదు. శంషాబాద్‌లో విమానం ఎక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో, దిగడమే. మిగతా కష్టమంతా మనం చేతులారా తెచ్చుకోవాల్సిందే. అందుకు కొన్ని మార్గాలు.

1. నెల. టికెట్ చవగ్గా దొరికే నెలలోనే బుక్ చేయండి. ఎందుకు చవకో ఆరా తీయొద్దు. జూన్, జూలైల్లో సముద్రం అల్లకల్లోలంగా ఉంటే దీవుల మధ్య పడవలు ఆపేస్తారంటారు. వానకు మన గల్లీ మునుగుతుందేమో గానీ, చుట్టూ సముద్రమే ఉన్నచోట కొత్తగా మునిగేదేముంది? డిసెంబరైతే బేఫికర్. 2016 డిసెంబరులో తుఫాను వచ్చి హేవ్‌లాక్ దీవిలో వందలమంది చిక్కుకుపోయారు నిజమే, కానీ ఆ వంతు అయిపోయింది కదా. హేవ్‌లాక్ నుంచి పడవ, హైదరాబాద్‌కు విమానం ఒకే రోజు పెట్టుకోండి. మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకోవడం డబ్బు దండగ.

2. పేర్లు. టికెట్ల మీద ఇంట్లో పిలిచే పేర్లే వేయించండి: చిన్ని, బుజ్జి, పెద్దోడు. ఆధార్‌లో వెంకట నాగలక్ష్మి అని ఉంటే, ఆమే ఈమె ఎలా అయిందో గేటు దగ్గరి జవానుకు మీ అత్తగారు తీరిగ్గా వివరిస్తారు.

3. సామాను. ఆవకాయ చేతిసంచిలో, ఎండుకొబ్బరి, పవర్‌బ్యాంకు పెద్ద సూట్‌కేసులో సర్దండి. వేటిని ఎక్కడ పెట్టకూడదో తనిఖీ దగ్గరే తెలియాలి. ముందే తెలిస్తే వెనక లైన్లో ఉన్నవాళ్లకు కాలక్షేపం ఏముంటుంది?

4. భాష. అక్కడ తెలుగు ఎవరికీ రాదన్న ధీమాతో ఆటోవాణ్ణి నోరారా తిట్టుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అతను ఆటో ఆపి, “ఏ ఊరండీ మీది?” అంటే రాజమండ్రి అని చెప్పేయండి.

5. వేళలు. పాతబస్తీ టైమే పాటించండి. పదింటికి లేచి, అందరి స్నానాలూ టిఫిన్లూ అయ్యాక ఒంటిగంటకు కదలండి. ఆ దీవులు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకని చలికాలంలో ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయాన్ని పక్కవాళ్ల ఫోన్లో చూడొచ్చు. బారాటాంగ్ దీవికి వెళ్లే బండ్లను జిర్కటాంగ్ దగ్గర పోగేసి, జారవా తెగవారి అడవి గుండా పోలీసు కాపలాతో నిర్ణీత వేళల్లోనే వదులుతారు. మధ్యాహ్నం తాపీగా వెళ్లి, మా మామయ్యకు కార్పొరేటర్ తెలుసని చెప్పండి.

6. సెల్యులార్ జైలు. దీన్ని మానేయండి. పక్కనే చంచల్‌గూడ జైలు పెట్టుకుని, టికెట్ కొని ఇంకో జైలు చూడటమేమిటి? పైగా పిల్లలు ప్రశ్నలడుగుతారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి దిగిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. మనకంటే ముందు అక్కడికి వెళ్లిన హైదరాబాదీ ఆయన. తిరుగు టికెట్ లేదు, అక్కడే కన్నుమూశారు. ఆయన వెళ్లేనాటికి ఈ జైలే లేదు, 1896లో మొదలై 1906కు పూర్తయింది. మరి ఆయన్ని ఎక్కడ ఉంచారు నాన్నా అని అడిగితే ఏం చెబుతారు? ఐస్‌క్రీం కొనిపెట్టి బీచ్‌కు తీసుకెళ్లండి.

7. సముద్రస్నానం. మొసళ్లున్నాయన్న బోర్డులు మన గోడల మీది ‘ఇక్కడ చెత్త వేయరాదు’ లాంటివి. మొసలికి మాత్రం చదువొచ్చా?

8. కానుకలు. ఒడ్డున దొరికే పగడపు కొమ్మలు గల్లీలో ఇంటికొకటి చొప్పున ఏరండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తే అధైర్యపడొద్దు. కేసు ఎలాగైనా హైదరాబాద్‌కు మార్పించుకుంటే చంచల్‌గూడకు ఇంటి క్యారేజీ వేడివేడిగా అందుతుంది.

9. తిరిగొచ్చాక. మండీలో బీరకాయలు ఏరుతూ, “ఏముందక్కా అక్కడ, నీళ్లే!” అని తేల్చేయండి. వచ్చే ఏడాదికి లక్షద్వీప్ అనుకోండి. దానికి ముందే అనుమతి తీసుకోవాలట. ముందు అగట్టిలో దిగుదాం, తర్వాత అడుగుదాం.