మూడు ఐ-20లు మోసిన ఫైలు

నేను ఒక ప్లాస్టిక్ ఫైలును. నీలం రంగు, లోపల ఇరవై కవర్లు, మూతకు ఒక టిచ్ బటను. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర పుస్తకాల అంగట్లో వేలాడుతున్న నన్ను కల్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక రైతు కొన్నాడు. నా మొదటి కవర్లో పట్టాదారు పాసుపుస్తకం పెట్టాడు. రెండో దాంట్లో బోరు వేయించిన రసీదు. ఆ బోరు ఎండింది. మూడో దాంట్లో ఇంకో బోరు రసీదు, నాలుగో దాంట్లో శెనక్కాయ పంట బీమా కాగితం. నన్ను విప్పినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరో ఒకరు నిట్టూర్చేవాళ్లు.

మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘం తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి సగం ఖాళీ అవుతుంది. ఆ రైతు కూతురు చిన్నప్పుడే ఎండిన బోర్లు చూసింది. అందుకే అనంతపురం జేఎన్‌టీయూలో సివిల్ చదివి, భూగర్భ జలాల మీద మనసు పెట్టుకుంది. మేనత్త కొడుకుతో పెళ్లయింది. ఆయన ప్రైవేటు హైస్కూల్లో సైన్సు సారు. ఒక ఆడబిడ్డ. కాపురానికి పంపేటప్పుడు ఆ తండ్రి పాసుపుస్తకం, రసీదులు తన దగ్గరే ఉంచుకుని, ఆమె సర్టిఫికెట్లు నాలో సర్ది ఇచ్చాడు. అప్పటి నుంచి నేను ఆమె దాన్ని.

2023 చివర్లో నాలోకి ఒక విదేశీ ఉత్తరం వచ్చింది. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ సీటు, జనవరిలో చేరాలి. ఇల్లంతా పండగయింది. వారం తిరక్కుండానే నిబంధన తెలిసింది. 2024 జనవరి 1 నుంచి మొదలయ్యే కోర్సులకు అక్కడ పరిశోధన డిగ్రీలు చేసేవాళ్లు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వచ్చేవాళ్లు తప్ప మిగతా విద్యార్థులు భార్యనో భర్తనో పిల్లల్నో వెంట తెచ్చుకోలేరు.

"ఏడాదే కదమ్మా, బిడ్డను నేను చూసుకుంటా, పోయిరా" అంది అత్త.

ఆ రాత్రి ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని కూచుంది. భర్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తను బడిలో చెప్పే ఒక పాఠం చెప్పాడు. శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1920లలో మామగారి సాయంతో హార్వర్డ్‌కు చదువుకోను పోయాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. వాళ్లకు పుట్టిన కొడుకు నెలల బిడ్డగానే పోయాడు, తండ్రి ఆ ముఖం చూడలేదు. ఫోలిక్ ఆమ్లం మీద, మెథోట్రెక్సేట్ మీద ఆయన బృందం చేసిన పని లోకంలో లెక్కలేనంత మందిని బతికించింది. ఆయన మాత్రం 1948లో న్యూయార్క్‌లో పోయేదాకా ఇల్లు చేరలేదు.

"ఆయన గొప్పతనం పిల్లోళ్లకు చెప్తా. ఆయమ్మ సంగతి వచ్చేసరికి నా గొంతు పట్టుకుంటాది. ముగ్గురం పోయే దారుంటే పోదాం. ల్యాకుంటే ఇంకో ఏడు ఆగుదాం" అన్నాడు.

ఆ ఉత్తరాన్ని ఆమె చివరి కవర్లోకి మార్చింది.

మార్చిలో రెండో ఉత్తరం వచ్చింది. అమెరికాలో పీహెచ్‌డీ. ఫీజు మాఫీ, పనికి నెలనెలా స్టైపెండ్. అక్కడ చదివేవాళ్లది ఎఫ్-1 వీసా. భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు ఎఫ్-2 మీద పోవచ్చు. ఆ చట్టం లెక్కలో కుటుంబమంటే అంతే. అమ్మానాన్నలు, అత్తమామలు అందులో లేరు. వాళ్లు సందర్శకుల వీసా మీద చుట్టపుచూపుగా రావాల్సిందే.

వీసాకు ముందు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే పత్రం ఒక్కొక్కరికీ వేరేగా కావాలి. అప్పుడు నాకు అసలు పని పడింది. వాళ్ల పెళ్లి ఊరి గుడిలో జరిగింది. శుభలేఖ ఉంది, ఫొటోలు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ లేదు. బిడ్డ జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లున్నాయి, బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఇంకా పేరు పెట్టలేదు, తర్వాత ఎవరూ రాయించలేదు. పదిహేనేళ్లలోపు పేరు చేర్చుకునే వీలు చట్టంలో ఉంది గనక సరిపోయింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు, సచివాలయానికి వాళ్ల సంకలో నేను ఎన్నిసార్లు తిరిగానో.

తర్వాత డబ్బు. స్టైపెండ్ ఒక్కరికి సరిపోయే లెక్క. భర్తకు ఇంత, బిడ్డకు ఇంత అదనంగా చూపిస్తేనే యూనివర్సిటీ ఆ ఇద్దరికీ ఐ-20లు ఇస్తుంది. ఆయన టౌను అంచున కొనుక్కున్న ఇంటిస్థలం అమ్మేశాడు. ఆస్తి రుజువుకు ఉంటుందని ఆమె తండ్రి తన పాసుపుస్తకం మళ్లీ నాలో పెట్టాడు. అప్పట్లో ముగ్గురికీ వీసా రుసుము తలా 185 డాలర్లు. విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ రుసుము 350 డాలర్లు చదివే మనిషికి మాత్రమే.

ఊళ్లో మాటలు పుట్టాయి. "పెండ్లాం చదువుకు మొగుడు ఎంబడి పోయేదేందప్పా?" అని రచ్చకట్ట మీద అడిగినవాడికి ఆ ముసలి రైతు ఒకటే చెప్పాడు: "మేం బెంగళూరికి కూలికి పోయినప్పుడు ఎవురి ఎంబడి ఎవురు పోయిరి? పొయ్యి యాడుంటే అందరం ఆడుంటిమి."

హైదరాబాదులో వేలిముద్రలయ్యాక, నానక్‌రాంగూడ కాన్సులేట్ కిటికీ ముందు నన్ను విప్పారు. ఆమెను పరిశోధన గురించి అడిగారు. ఆయన్ను అక్కడ ఏం చేస్తావని అడిగారు. "బిడ్డను చూసుకుంటాను, వంట చేస్తాను. ఆమె చదువుకుంటుంది" అన్నాడు. పాస్‌పోర్టులు ఉంచుకున్నారు, అంటే వీసాలు వచ్చినట్టే.

2024 ఆగస్టులో 44వ నంబరు హైవే మీద దేవనహళ్లి విమానాశ్రయానికి బయల్దేరాం. లోపలికి పోయే ముందు ఆ ముసలి రైతు నన్ను అడిగి తీసుకుని, పాసుపుస్తకం బయటికి తీసి పంచె మడతలో పెట్టుకున్నాడు. "ఇది ఈడనే ఉండల్ల. మేమూ ఈడనే" అన్నాడు. ఆ ఖాళీ కవరు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

అక్కడ బిడ్డ సర్కారు బడిలో చేరింది. ఎఫ్-2 పిల్లలకు పన్నెండో తరగతి దాకా ఆ హక్కు ఉంది. తల్లి ల్యాబుకు పోయేది. తండ్రి ఇంట్లో. ఎఫ్-2 మీద ఉన్నవాళ్లు జీతం వచ్చే ఏ పనీ చేయరాదు. చదువు పూర్తయ్యాక ఆమెకు ఉద్యోగం చేసుకునే కాలం వచ్చినా, ఆయన ఎఫ్-2 మీదున్నంతకాలం ఆయనకు ఆ అనుమతి రాదు. పైగా ఆమె చదువు ఆగితే ఆ ఇద్దరి ఉనికీ ఆగుతుంది.

మొదటి చలికాలంలో ఒక రాత్రి ఆయన నన్ను అలమర పైనుంచి దించి తన ఐ-20 ఒక్కటే తీసి చదువుకున్నాడు. పదేళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు ఆ కాగితం మీద ఆగిపోయాయి. ఆ రాత్రి నన్ను మూయలేదు. పొద్దున ఆమె చూసింది. ఇద్దరూ వంటింట్లో కూచుని మాట్లాడుకున్నారు. 2015 నుంచి ఎఫ్-2 వాళ్లు పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చన్న సంగతి ఆమె కనుక్కుంది. ఆయన వారానికి రెండు సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీకి పోసాగాడు. మిగతా రోజుల్లో ఊరుబిండి నూరడం, బిడ్డకు తెలుగు ఒత్తులు దిద్దించడం.

పక్క అపార్ట్‌మెంటుకు ఒక తెలుగు పిల్ల వచ్చింది. ఎంటెక్ చదివింది. ఎఫ్-1 పెళ్లికొడుకును చేసుకుని ఎఫ్-2 మీద దిగింది. "ఉద్యోగం చేయకూడదని పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదక్కా" అని మా ఇంటామె ముందు ఏడ్చింది. మా ఇంటాయన తెలిసి వచ్చాడు. ఆ పిల్లకు దిగాక తెలిసింది. రెండు ఇళ్లలోనూ ఉన్నది ఒకే రకం కాగితమైనా, బరువు ఒకటి కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పటికీ ఆదివారం ఫోనులో బిడ్డ మొదట అడిగేది "తాతా, వానొచ్చిందా?" అనే. రమ్మంటే ఆయన "విత్తనం ఏసే పొద్దులో ఎట్లొస్తా?" అంటాడు.

వెంట తీసుకుపోవద్దని నేను చెప్పను. పొయ్యి ఒకచోట ఉంటేనే ఆమె చదువు సాగుతోంది. చదివే దేశం ఏదైనా, కట్టుకున్నవాళ్లను రానిస్తారా, పని చేయనిస్తారా అన్నది చేరే ముందే కనుక్కోండి. దేశదేశానికీ, కోర్సుకోర్సుకూ అది మారుతుంది. పెళ్లైన వారంలోనే రిజిస్టరు చేయించండి. బిడ్డ పేరు ధ్రువపత్రంలో ఎక్కించండి. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి వీసా అడిగినట్టే అమ్మాయికి రాబోయే వీసా ఏమిటో అడగండి. అన్నిటికంటే ముందు, రెండో ఐ-20 ఎవరి పేరు మీద వస్తుందో ఆ మనిషిని కూచోబెట్టి, ఇన్నేళ్లు నీకు సంపాదన ఉండదు, నీకిది సమ్మతమేనా అని అడగండి. వాళ్లు సరే అన్నాకే నాలాంటి ఫైలు కొనండి.