వంకాయ వద్దు, మాత్ర ముద్దు

మన ఇళ్లలో ఏ మందు మొదలుపెట్టినా ముందు శిక్ష పడేది వంకాయకు. ఆ తర్వాత గోంగూర, గుమ్మడికాయ. గర్భనిరోధక మాత్రకైనా, ముట్లుడిగాక రాసే ఈస్ట్రోజన్ మాత్రకైనా అత్తగారి పథ్యం చిట్టా సిద్ధం. మెడికల్ షాపు కుర్రాడికి ఆపాటి అనుమానం కూడా రాదు. చీటీ అడగడు, స్ట్రిప్పు కవర్లో వేసి "ఏం కాదక్కా, రాత్రి తిన్నాక వేసుకో" అంటూ చిల్లర లెక్కపెడతాడు. ఆయన వైద్యశాస్త్రమంతా ఆ "ఏం కాదు"లోనే ఉంది.

టీబీకి 6 నెలలు మందు వాడే ఆమెకు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడకు అని అందరూ చెబుతారు. మంచిదే. ఆ ఎరుపు తెచ్చే రిఫాంపిసినే కాలేయంలో ఎంజైములను రెచ్చగొట్టి, మాత్రలోని ఈస్ట్రోజన్‌ను గబగబా విరగ్గొట్టి బయటకు పంపేస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఆమె ఒక్క పూటా మాత్ర మానలేదు, వంకాయ ముట్టలేదు. అయినా నెల తప్పింది. "ఏదో రోజు మర్చిపోయి ఉంటావు" అని నింద మళ్లీ ఆమె మీదే!

మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌లు చేసేదీ ఇదే. లామోట్రిజిన్ దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ ఈస్ట్రోజనే రక్తంలో ఆ మందును దాదాపు సగానికి దించేస్తుంది, ఆగిన ఫిట్స్ మళ్లీ రావచ్చు. గాలి సోకిందనడానికి చుట్టాలు ఉండనే ఉన్నారు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెడితే పాత డోసు చాలకపోవచ్చు. కొన్ని వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోమనేవారేరీ?

చదువుకున్నవాళ్ల పథ్యం వేరు. ఫోన్‌లో చదివి గ్రేప్‌ఫ్రూట్ మానేశామంటారు. అది ఈస్ట్రోజన్‌ను కొంత పెంచే మాట నిజమే. కానీ మన సంతకు రాని పండును మానేయడం ఎంత సుఖమైన త్యాగం! అదే నోటితో, దిగులు పోవాలని ఆన్‌లైన్‌లో తెప్పించిన సెయింట్ జాన్స్ వోర్ట్ మింగుతారు. "మూలికే కదా" అట. ఈ మూలికదీ రిఫాంపిసిన్ దారే.

కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, పక్షవాతం వచ్చిందా, రొమ్ము క్యాన్సరా, కళ్ల ముందు మెరుపులతో పార్శ్వనొప్పి వస్తుందా, 35 దాటాక కూడా పొగ తాగుతారా? ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్ర ఇచ్చేముందు అడగాల్సిన ప్రశ్నలివి. పట్టేది రెండు నిమిషాలు. మన షాపుల్లో ఆ రెండు నిమిషాలకు ఎప్పుడూ స్టాకు లేదు.

టీబీ మందు వాడే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట: రిఫాంపిసిన్ ఆపాక కూడా దాని ప్రభావం 4 వారాల దాకా ఉంటుంది. అన్నాళ్లూ మాత్రను నమ్ముకోకండి. కాపర్-టీకి ఈ గొడవ లేదు, డాక్టరును అడగండి.