ఆపుకున్నవాడి కథ

హైస్కూల్లో నేను చెప్పేది తెలుగు. స్టాఫ్ రూమ్‌లో చెప్పేది వైద్యం. లెక్కల మాస్టారికి గ్యాస్ అంటే వాము, సోషల్ మేడమ్‌కి కడుపుబ్బరం అంటే జీలకర్ర నీళ్లు, ఎవరికి విరేచనం కాకపోయినా త్రిఫల. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ గింజలు తీసి, ఎండబెట్టి, సమపాళ్లలో దంచి వస్త్రగాళితం పట్టాలని, రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్లతో వేసుకోవాలని గడగడా చెప్పేసేవాణ్ణి. మధ్యమధ్యలో చరకుడి పేరు, వాగ్భటుడి పేరు వేసేవాణ్ణి. నాలుగు సంస్కృతం ముక్కలు వచ్చినవాడు ఆయుర్వేదం మాట్లాడితే మనవాళ్లు ఎదురు ప్రశ్న వెయ్యరు. ఆ గౌరవమంటే నాకు ప్రాణం. మీకు మాత్రం చేదా చెప్పండి? సలహా అడిగించుకునే సుఖం ఒకసారి మరిగినవాడు వదులుకోలేడు.

అసలు సంగతి మీకే చెప్తున్నాను. ఆ రోజుల్లో నాకు వారానికి రెండుసార్లు విరేచనమైతే గొప్ప.

మా ఇల్లు ఏలూరు. బడి పక్క మండలంలో. పొద్దున ఏడింటి బస్సు తప్పితే ప్రార్థనకు అందను. కాఫీ తాగిన కాసేపటికి కడుపులో కదలిక వచ్చేది. సరిగ్గా అప్పుడే నేను చొక్కా టక్ చేసుకుని బెల్టు పెట్టుకుంటూ ఉండేవాణ్ణి. మళ్లీ ఇవన్నీ విప్పాలా, సాయంత్రం చూద్దాంలే అనుకుని బస్సెక్కేవాణ్ణి. బళ్లో వెళ్లొచ్చు కదా అంటారా? స్టాఫ్ బాత్రూమ్ తాళంచెవి హెడ్మాస్టరు గదిలో మేకుకు వేలాడేది. అందరూ చూస్తుండగా లోపలికెళ్లి ఆ తాళంచెవి తీసుకోవాలి, కాసేపయ్యాక మళ్లీ తెచ్చి తగిలించాలి. పద్యం రాగయుక్తంగా చదివే మాస్టారు ఆ పని చెయ్యడమా! ప్రాణం పోయినా సరే అనుకున్నాను. అవసరమే రాకుండా ఉండాలని నీళ్లు తాగడం కూడా మానేశాను. ఇంట్లో మా ఆవిడ నింపి ఇచ్చిన సీసా సాయంత్రానికి నిండుగానే తిరిగొచ్చేది.

పొద్దున లేచి ఏదైనా కడుపులో పడగానే పెద్దపేగు గట్టిగా కదులుతుంది. రోజు మొత్తంలో అది తనంతట తాను సాయపడే వేళ అదే. అప్పుడు ఆపుకుంటే లోపలున్నది అక్కడే నిలిచిపోతుంది. నిలిచిన కొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, సాయంత్రానికి అది గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే చేస్తే పురీషనాళం సాగిపోయి, వెళ్లాలన్న కబురు అందడమే తగ్గిపోతుంది. నాకు సరిగ్గా అదే జరిగింది. కొన్నాళ్లకు పొద్దుటి కదలిక కూడా రావడం మానేసింది. హమ్మయ్య, బస్సు హాయిగా ఎక్కొచ్చని సంతోషించాను కూడా.

ఇక పొట్ట బరువు, నోట్లో చేదు, చిరాకు. తరగతిలో చిన్న తప్పుకే పిల్లల మీద విరుచుకుపడేవాణ్ణి. అందరికీ త్రిఫల చెప్పే నాకు త్రిఫల నెమ్మదిగా పనిచేస్తుందని విసుగు పుట్టింది. మందుల షాపులో ఒక చూర్ణం డబ్బా కొన్నాను. ఆకుపచ్చ రంగు, మీద మొక్కల బొమ్మలు. వెనకాల చిన్నక్షరాల్లో మొదటి పేరు సునాముఖి. మన పల్లెల్లో నేలతంగేడు అంటామే, అదే. తమిళనాడు తిరునల్వేలి వైపు పండే ఆ ఆకు దేశదేశాలకు ఎగుమతి అవుతుంది, ఇంగ్లీషు మందుల్లోనూ దాని సారమే వాడతారు. అందులోని సెన్నోసైడ్లను పెద్దపేగులోని సూక్ష్మజీవులు విడగొడతాయి. అప్పుడవి పేగు గోడను రెచ్చగొట్టి తోయిస్తాయి, నీటిని లోపలికి రప్పిస్తాయి. వేసుకున్న 6 నుంచి 12 గంటల్లో పని జరుగుతుంది. అప్పుడప్పుడు, కొద్ది రోజులకు, తగిన మోతాదులో మంచి మందే. కానీ ఆకు కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. మనందరికీ ఉన్న నమ్మకమే ఇది. చెట్టు నుంచి వచ్చిందంటే చాలు, దానికి మోతాదు ఉంటుందని మర్చిపోతాం. చెంచాడు చెంచాన్నర అయింది, ఆ తర్వాత రెండు చెంచాలూ చాల్లేదు.

మాఘమాసంలో మా అన్నయ్య కూతురి నిశ్చితార్థం. భీమవరంలో. లగ్నపత్రిక పైకి చదివే పని అన్నయ్య నాకు అప్పజెప్పాడు. "ఒరేయ్ తమ్ముడూ, మీ వదిన తరఫువాళ్లంతా వస్తున్నారు, నీ గొంతు వినాలి" అన్నాడు. నేను పొంగిపోయాను. పట్టుపంచె కట్టుకుని, పొట్ట కనపడకుండా నిటారుగా నిలబడి చదవాలని ముందురోజు రాత్రి పదింటికి చూర్ణం మూడు చెంచాలు నిండుగా వేసుకున్నాను.

తెల్లారింది. ఏమీ కాలేదు. కాఫీ తాగాను. ఏమీ కాలేదు. మా ఆవిడా పిల్లలూ ముందురోజే వెళ్లిపోయారు. నేనొక్కణ్ణే పట్టుపంచెలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను, చదవాల్సింది మనసులో వల్లె వేసుకుంటూ.

ఏలూరు నుంచి కైకలూరు దారి మీకు తెలిస్తే మిగతాది మీరే ఊహించుకుంటారు. అది కొల్లేరు మధ్యనుంచి పోతుంది. రోడ్డుకి ఇటు నీళ్లు, అటు నీళ్లు, చేపల చెరువులు, గట్లు, కొంగలు. మనిషి చాటుకెళ్లడానికి చెట్టు లేదు, గోడ లేదు. సరిగ్గా అక్కడ మొదలైంది. మొదట బొడ్డు చుట్టూ ఒక మెలి. తగ్గింది. మళ్లీ మెలి. ఒళ్లంతా చెమట. కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాను, ఊపిరి బిగబట్టాను, తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచాను, పక్క సీటాయన ఏదో అడుగుతుంటే తల ఊపాను, ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచాను, కండక్టరు దగ్గరికి వెళ్లాను, బస్సాపండి అన్నాను, "ఇక్కడెక్కడండీ, కైకలూరు బస్టాండులో ఆగుతాంగా" అన్నాడు, ఆపండి బాబూ అని అరిచాను, బస్సంతా నావైపు తిరిగింది, ఆపాడు, దిగాను, గట్టు మీద దూరంగా చెరువు కాపలావాడి పాక కనపడింది, పరిగెత్తాను, పాక దాకా చేరలేకపోయాను.

అంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. ఆ కాపలావాడు ఒక్క మాట కూడా అడగలేదు. బకెట్టుతో నీళ్లు తెచ్చి పెట్టాడు, తన లుంగీ ఒకటి పాక మీద నుంచి తీసి ఇచ్చాడు, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మరో రెండుసార్లు గట్టు దిగి వచ్చేసరికి నాకు కళ్లు తిరిగాయి. మజ్జిగలో ఉప్పు వేసి గ్లాసు చేతికిచ్చి, "తొందరపడకుండా తాగండి" అన్నాడు. సంచిలో ఫోను మోగుతూనే ఉంది. అన్నయ్య.

నేను చేరేసరికి తాంబూలాలు పుచ్చేసుకున్నారు. లగ్నపత్రిక పురోహితుడే చదివేశాడు. ఎండదెబ్బ తగిలిందని చెప్పాను. మాఘమాసంలో ఎండదెబ్బ. వదిన నా మొహంలోకి, నా లుంగీ వంకా చూసి, ఏమీ అనకుండా కొబ్బరినీళ్లు తెచ్చి ఇచ్చింది.

జ్వరమొచ్చింది, దగ్గొచ్చింది అని ఊరంతా చెప్పుకుంటాం. విరేచనం కావట్లేదని కట్టుకున్నదానికి కూడా చెప్పం. నేను చెప్పి ఉంటే మా ఆవిడ ఆ డబ్బా ఎప్పుడో అవతల పారేసేది. పైగా నేను ఊళ్లో వాళ్లకు సలహాలిచ్చే మనిషిని. ఆ పేరు పోతుందన్న భయమే నన్ను ఆ గట్టు దాకా పరిగెత్తించింది.

తర్వాత ఏలూరులోనే ఒక పెద్ద వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయుర్వేదం చదువుకున్నాయన. నాడి చూశాడు, నాలుక చూశాడు. ఏం వాడుతున్నారని అడిగాడు. చెప్పాను. "అది సరే మాస్టారూ, ఏ వేళకి ఆపుకుంటారు?" అన్నాడు. ఆపుకుంటారా అని అడగలేదు. ఏ వేళకి అని అడిగాడు. నా మొహాన నెత్తురు చుక్క లేదు. చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం మొదలయ్యేదే ఈ విషయంతో. మలం, మూత్రం, తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు ఇలా ఒంట్లో తనంతట పుట్టే 13 వేగాలను బలవంతంగా ఆపొద్దని, ఆపితే ఏ వేగానికి ఏ జబ్బు వస్తుందో వరసగా చెప్తుంది. ఆ అధ్యాయం గురించి నేను స్టాఫ్ రూమ్‌లో ఉపన్యాసం ఇచ్చాను. తాళంచెవి మాత్రం ఒక్కనాడూ ముట్టుకోలేదు.

ఆయన చూర్ణం మాన్పించాడు. త్రిఫల అరచెంచా రాత్రిపూట కొన్నాళ్లు ఉంచాడు. అసలు వైద్యం పొద్దుటిపూట పెట్టాడు. అరగంట ముందు లేవాలి, గోరువెచ్చని నీళ్లు తాగాలి, ఏదైనా తినాలి, తిన్నాక వచ్చినా రాకపోయినా పది నిమిషాలు వెళ్లి కూర్చోవాలి, ఫోను లేకుండా, ముక్కకుండా. మాది కుర్చీలాంటి దొడ్డి కాబట్టి పాదాల కింద జానెడెత్తు పీట వేసుకోమన్నాడు. పురీషనాళం చుట్టూ ఒక కండరం ఉచ్చులా పట్టుకుని ఉంటుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు అది సగమే వదులుతుంది, దారి మడతపడ్డ నీళ్ల పైపులా ఉంటుంది. గొంతుక్కూర్చుంటే మడత విడుతుంది. మా ఆవిడ పూజగది పీట ఇవ్వనంది, వంటింట్లో పాత పీట ఇచ్చింది. మొదటి వారం ఏమీ జరగలేదు. డబ్బా కోసం చెయ్యి పీకింది. తర్వాత ఒకరోజు కాఫీ కాగానే ఆ పాత కదలిక తిరిగొచ్చింది. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నేను అంత సంతోషపడలేదు.

తిండి సంగతి కూడా ఒప్పుకోవాలి. మా ఇంట్లో సన్నబియ్యం తెల్లన్నం, వేపుడు, ఆవకాయ, పెరుగు. పీచు ఎక్కడుంది అందులో? పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తిండి ద్వారా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పాలిష్ పట్టిన బియ్యంతో అది ఎక్కడా అందదు. అదే 100 గ్రాముల జామకాయలో 5 గ్రాములకు పైనే, 100 గ్రాముల రాగిపిండిలో 11 గ్రాముల దాకా ఉంటుంది. ఇప్పుడు మధ్యాహ్నం డబ్బాలో అన్నం తగ్గింది, గోరుచిక్కుడో తోటకూర పప్పో పెరిగింది, సాయంత్రం బస్టాండులో జామకాయ గింజలతో సహా నమిలేస్తాను. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష పొద్దున నీళ్లతో సహా. పీచు పెంచేవాళ్లు నీళ్లు కూడా పెంచాలి. ఇసబ్‌గోల్ అయితే మరీ ముఖ్యం. గుక్కెడు నీళ్లతో మింగితే అది గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడుతుంది, నిండు గ్లాసు తాగాలి. నడక సాయం చేస్తుంది. అందుకే ఒక స్టాపు ముందే దిగి నడుస్తున్నాను.

ఇక్కడిదాకా చెప్పింది నా ఒంటికి నేను చేసుకున్నది. ఇంకొకరికి చేసింది కూడా చెప్పాలి. మా సైన్సు మేడమ్ చాలా నెలలు మలబద్ధకమని, ఒళ్లు బరువని, జుట్టు రాలుతోందని అంటే నేను త్రిఫల రాసిచ్చాను. ఆవిడ నన్ను నమ్మి వాడుతూనే ఉంది. చివరికి వాళ్లాయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని రక్తపరీక్షలో తేలింది. దానికి తోడు ఆవిడ రక్తహీనతకు వాడుతున్న ఐరన్ మాత్రలు కూడా కడుపు బిగబట్టేవే. ఒక్క ప్రశ్న అడిగినా ఆ మాత్రల సంగతి బయటపడేది. నేను అడగలేదు, చెప్పాను. ఆవిడ నవ్వేసి వదిలేసింది కానీ ఆ నెలలు తిరిగి రావు. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా, కడుపునొప్పితో వాంతులైనా చిట్కాలన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి. కడుపుతో ఉన్నవాళ్లకు ఆముదం, సునాముఖి ఎవరూ సొంతంగా ఇవ్వొద్దు, అమ్మమ్మ చెప్పినా, నాలాంటి మాస్టారు చెప్పినా.

నన్ను బాగా బాధపెట్టే విషయం మాత్రం ఇది. తరగతిలో పిల్లలు లేచి చిటికెనవేలు చూపిస్తారు, లేదా రెండు వేళ్లు. పద్యం మధ్యలో ఉంటే నాకు చిర్రెత్తేది. "కూర్చో, బెల్లు కొట్టాక వెళ్దువుగాని" అనేవాణ్ణి. రెండు వేళ్లు చూపించిన పిల్లవైపు క్లాసంతా తిరిగి నవ్వితే ఆ నవ్వును ఆపేవాణ్ణి కాదు. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ లేచేది కాదు. ఆడపిల్లల నీళ్ల సీసాలు కూడా నా సీసాలాగే సాయంత్రానికి నిండుగా వెళ్లేవని గట్టు మీద నుంచి వచ్చాకే నా కళ్లకు కనపడింది. వాళ్ల దొడ్డికి గడియ ఊడిపోయిందని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

కేరళ బళ్లలో 2019లో నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా బెల్లు కొట్టడం మొదలుపెట్టారు. మా హెడ్మాస్టరుకు అది చెప్పి మా బళ్లోనూ కొట్టిస్తున్నాను. నీళ్లు తాగమన్నాక వెళ్లడానికి చోటు చూపించాలి కాబట్టి ముందు ఆ గడియ వేయించాం, నల్లా బాగుచేయించాం, సబ్బు పెట్టాం. తాళంచెవి మేకు హెడ్మాస్టరు గదిలోంచి వరండాలోకి మారింది. రెండు వేళ్లు లేస్తే పద్యం ఏ పాదంలో ఉన్నా సరే, వెళ్లిరమ్మంటున్నాను. ఎవరైనా నవ్వితే పాఠం ఆపి పేగు సంగతి చెప్తున్నాను. తెలుగు మాస్టారికి ఇదేం పాఠమని ఒక తండ్రి వచ్చి అడిగాడు. ఆయన్ని కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను, కొల్లేరు గట్టుతో సహా. వినడం అయ్యాక ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, తనకు నాలుగు రోజులుగా కావట్లేదని చెప్పాడు. ఏ మాత్రలు వాడుతున్నారని మొదట అడిగాను.